ముగియని బల్ల

మోకాళ్ళు మొరాయించినప్పటి నుంచి నాకు ఆదివారం అంటే మంచమే. అల్వాల్‌లో మా ఫ్లాటుకు లిఫ్టు ఉంది గానీ, అది నాకంటే ఎక్కువగా పడకేస్తుంది. అందుకని పోయిన ఆదివారం నా మనవరాలు ఫోను తెచ్చి నా దిండుకు ఆనించి నిలబెట్టింది.

"అమ్మమ్మా, లైవ్ షురూ అయితుంది. ఇయ్యాల బల్ల ఉందంట. బిస్కెట్, జ్యూస్ దగ్గర పెట్టుకోమన్నరు."

"బిస్కెట్ ఎందుకే?"

"రొట్టె బదులు. ఇంట్ల ఏముంటే అదే చాలన్నరు పాస్టర్ గారు."

"బిస్కెట్‌తోని బల్లేందే, నీ మొకం."

బల్ల అంటే ప్రభువు బల్ల. క్రీస్తు తన శిష్యులతో కడసారి కూర్చుని తిన్న భోజనాన్ని తలుచుకుంటూ, సంఘమంతా ఒక రొట్టె విరుచుకుని తినడం, కాస్త ద్రాక్షరసం తాగడం. మా చిన్నప్పుడు నెల మొదటి ఆదివారం బల్ల అంటే శనివారం నుంచే ఇల్లంతా ఆ హడావిడే. ఇప్పుడు ఎవరి మంచం మీద వాళ్ళు, ఎవరి బిస్కెట్టు వాళ్ళు. నాకు కోపం రాలేదని చెప్పను. పొద్దున మిగిలిన చపాతీ ఉంటే దాన్నే పెనం మీద కాస్త మాడేలా కాల్చి తెమ్మన్నాను. పిల్ల గొణుక్కుంటూనే తెచ్చింది. మాడిన గోధుమ వాసన ముక్కుకు తగిలింది. ఫోనులో పాస్టర్ గారు ఏం చెబుతున్నారో ఇక నాకు వినిపించలేదు.

అప్పట్లో మేము కార్ఖానా బస్తీలో ఉండేవాళ్ళం. మా సంఘం కూడే చోటు ఒక పాత గుర్రాల షెడ్డు. దొరల కాలంలో పటాలం గుర్రాలను అక్కడ కట్టేవారట. గుర్రాలు పోయి ఎంతకాలమైందో ఎవరికీ తెలియదు, గోడలకు ఇనుప కొక్కాలు మాత్రం మిగిలాయి. వాటికి మేము పిల్లలం మా సంచులు తగిలించేవాళ్ళం. పైన రేకులు. గట్టి వాన పడితే ఆ నేలలోంచి గుర్రాల వాసన లేచేది. చూడ్డానికొచ్చిన కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటే మా పాస్టరయ్య నవ్వి, "ప్రభువు పుట్టింది పశువుల పాకలో కదండీ, మనకు గుర్రాలు దొరికాయి, ఒక మెట్టు పైనే ఉన్నాం" అనేవాడు.

పాస్టరయ్య కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగేవాడు. ఒక ఆదివారం పిల్లలందరినీ కూర్చోబెట్టి, "సంఘం ఎక్కడుందర్రా?" అని అడిగాడు. ఇదేం ప్రశ్న అనుకుని మేమంతా షెడ్డు కప్పు వైపు వేళ్ళు చూపించాం. ఆయన పెద్దవాళ్ళతో సహా అందరినీ వీధిలోకి తీసుకొచ్చి, తలుపుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు లోపల ఏముంది?"

"చాపలున్నయ్." "డోలక్ ఉంది." "బల్లి ఉందయ్యా."

"మరి సంఘం?"

మేము మళ్ళీ షెడ్డు కప్పు వైపే చూశాం.

"మీరేనర్రా. ఈ రేకులు గాలికి లేచిపోయినా సంఘం లేచిపోదు. దేవుడు పిలిచి ఒకచోట చేర్చిన మనుషులే సంఘం. క్రీస్తు తల, మనం ఒళ్ళు. కాలి వేలికి దెబ్బ తగిలితే ఒళ్ళంతా జ్వరం వస్తుందా లేదా?"

నాకు అప్పటికి కాలి బొటనవేలు చితికి పట్టీ కట్టి ఉంది కాబట్టి ఆ మాట బాగా తలకెక్కింది. తీరా లోపలికి వెళదామంటే తాళం తెరుచుకోలేదు. తుప్పు పట్టిందో ఏమో, పాస్టరయ్య చెమటలు కక్కుతున్నాడు, పెద్దవాళ్ళు నవ్వాపుకుంటున్నారు. అప్పుడు మిషను అత్త పాట ఎత్తుకుంది. తాళం తీసే మనిషి వచ్చేదాకా మేమంతా వీధిలో నిలబడి పాడాం. దారిన పోయేవాళ్ళు కూడా ఆగి విన్నారు. సంఘం అంటే ఏమిటో నాకు తెలిసిన రోజు అది. అంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడు పాడామో గుర్తు లేదు.

మిషను అత్త మాకు చుట్టమేమీ కాదు. షెడ్డు వెనక గోడకు ఆనుకునే ఆమె గది. భర్త పోయాక కుట్టుమిషను మీద లంగాలు, బడిపిల్లల చొక్కాలు కుట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచుకునేది. మా పాటల పద్ధతి ఏమిటంటే, మగవాళ్ళు ఒక చరణం పాడితే ఆడవాళ్ళు దాన్ని తిప్పి అందుకోవాలి. ఆ అందుకోవడం ఎప్పుడూ అత్తదే. ఆమె గొంతు మరీ తీయగా ఏమీ ఉండేది కాదు, కాస్త జీర ఉండేది. కానీ ఆమె అందుకుంటే మిగతావాళ్ళకు దారి తెలిసేది.

బల్లకు రొట్టె చేసేది మా నాయనమ్మ. శనివారం సాయంత్రం తలస్నానం చేసి, గోధుమపిండి ఉప్పేసి గట్టిగా కలిపి, బొగ్గుల కుంపటి మీద పెద్ద పెనం పెట్టి, మందంగా ఒకటే రొట్టె కాల్చేది. ఒకటే ఉండాలి, అదీ అందరికీ సరిపోవాలి. ఇంకో గిన్నెలో ఎండుద్రాక్ష నానుతూ ఉండేది. వాటిని పిసికి రసం తీయాలి. నేను ఉబ్బిన ద్రాక్షలు రెండు మూడు నోట్లో వేసుకుని బుగ్గలో దాచుకుంటే, నాయనమ్మ వెనక్కి తిరక్కుండానే, "మింగు, మింగు, ప్రభువు అన్ని చూస్తుండు, నేను సుత చూస్తున్న" అనేది.

మా సంఘానికి ఒక ఆచారం ఉండేది. తర్వాత నేను ఎన్ని చర్చిల్లో కూర్చున్నానో, ఎక్కడా చూడలేదు. ఆ రోజు రాలేనివాళ్ళకు కూడా రొట్టెలో ముక్క ఉండేది. పాస్టరయ్య రొట్టె విరుస్తూ, "మంచంలో ఉన్న తాతకు, బాలింతకు, డ్యూటీలో ఉన్న తమ్ముడికి" అని ఒక్కొక్కరినీ తలుచుకుని, వాళ్ళ ముక్కలు ఇత్తడి డబ్బాలో తెల్ల గుడ్డ పరిచి పెట్టేవాడు. నాయనమ్మ ఆ డబ్బా, నేను రసం సీసా పట్టుకుని ఆ ఇళ్ళకు వెళ్ళి ఇచ్చి రావాలి. మేము తిరిగొచ్చేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. గుమ్మంలో నిలబడి నాయనమ్మ "అందింది అయ్యా" అనాలి. అప్పుడు పాస్టరయ్య లేచి చేయెత్తి ఆశీర్వాదం చెబితే అందరూ "ఆమెన్" అనాలి. ఎవరి ముక్క వాళ్ళకు అందేదాకా బల్ల ముగిసినట్టు కాదు.

మేము వెళ్ళొచ్చేసరికి చాపల మీద అందరి కడుపులూ కాలుతుండేవి. ఎదురు హోటల్లోంచి ఇరానీ చాయ్ వాసన, ఉస్మానియా బిస్కెట్ల వాసన. "ఏందమ్మా, రొట్టె ఇయ్యనికి పోయిన్రా, పండనికి పోయిన్రా?" అని మగవాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆలస్యం అంతా పక్షవాతం వచ్చిన తాత దగ్గరే అయ్యేది. ఆయన ఒకప్పుడు పెళ్ళిళ్ళ బ్యాండులో బాకా ఊదేవాడు. అప్పటికి నోరు ఒక పక్కకు పోయి, ముక్క నానబెట్టి పెట్టినా మింగడానికి చాలాసేపు పట్టేది. మింగాక కళ్ళతో నవ్వేవాడు. ఆ నవ్వు చూశాకే నాయనమ్మ డబ్బా మూత పెట్టేది.

ఆ వానాకాలం మొదట్లో మిషను అత్త కొడుక్కు జ్వరం వచ్చింది. వాడు నాకంటే చిన్నవాడు. జ్వరం తలకెక్కి మాట పడిపోయింది. గాంధీ దవాఖానాలో పెట్టారు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. పాస్టరయ్య సైకిలు మీద రోజూ వెళ్ళొచ్చేవాడు. అత్తతో పాటు అక్కడే కూర్చున్నది మాత్రం మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడ. నిలువెల్లా నల్ల బురఖా, నోట్లో పాన్, ఎప్పుడూ ఎవరినో ఒకరిని తిడుతూ ఉండే ముసలావిడ. ఆమె ఒకరోజు దర్గాకు వెళ్ళి మొక్కి, ఆకుపచ్చ దారం తెచ్చి పిల్లవాడి చేతికి కట్టింది. జ్వరం తగ్గింది, మాట వచ్చింది. మందుకు తగ్గిందో, ప్రార్థనకు తగ్గిందో, మొక్కుకు తగ్గిందో నేను చెప్పలేను.

వాడు బతికి వచ్చిన ఆదివారం మేము ఎంత గట్టిగా పాడామో. పాట అయ్యాక అందరి కళ్ళూ ఆ దారం మీద పడ్డాయి.

అడిగినవాడు దుకాణం పెదనాయన. కిరాణా కొట్టు ఉండేది ఆయనకు. చెడ్డవాడు కాదు. క్రీస్తును నమ్ముకున్నందుకు సొంత అన్నదమ్ములే ఆయన్ను ఇంట్లోంచి పంపించేశారు. అంత పోగొట్టుకుని వచ్చినవాడికి, ఇంకొకరు రెండు గడపలు తొక్కడం మింగుడుపడలేదు.

"అయ్యా, ఇయ్యాల దారం, రేపు ఇంకోటి. గిట్లయితే సంఘం నిలవడ్తదా?"

పాస్టరయ్య అత్తను దగ్గరికి పిలిచాడు. "అమ్మా, ఆ దారం తీసేసి, పొరపాటైందని అందరి ముందూ ఒక్క మాట చెప్పు. అక్కడితో అయిపోతుంది."

అత్త కొడుకును ఒళ్ళోకి లాక్కుంది. "అయ్యా, మీరందరు ప్రార్థన చేసిన్రు, కాదంటలేను. గని దవాఖానాల నేను కండ్లు మూస్తే ఖాలా తెరిసి కూసున్నది. ఆమె మొక్కి, ఆమె కట్టింది. నేను ప్రభువును ఇడ్సిపెట్టలే. గీ దారం అందరి ముందల తెంపి పారేస్తే, రేపు ఆమె మొకం ఎట్ల సూడాలె నేను?"

"తెంపవన్నట్టేనా?" అన్నాడు పెదనాయన.

"తెగిననాడు అదే తెగుతది."

పాస్టరయ్య చేతిలో బైబిలు మూసి, "అయితే అంతవరకూ సంఘానికి దూరంగా ఉండమ్మా" అన్నాడు. అత్త లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది. పిల్లవాడు నా సంచిలో ఉన్న వాడి బలపం అడగబోయి, తల్లి చేయి లాగేసరికి అలాగే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ అన్నం ముట్టలేదు. "తప్పెవరిది నాయనమ్మా?" అని అడిగాను.

"తప్పుల సంగతి నాకు తెల్వదు బిడ్డా. మన చెయ్యి మనకు నచ్చకపోతే ఇంటికాడ పెట్టి పోతమా?"

తర్వాతి ఆదివారం నుంచి మొదలైంది. వాక్యం చెబుతుంటే గోడ అవతల కుట్టుమిషను చప్పుడు. అంతకుముందు అత్త ఆదివారం మిషను ముట్టేది కాదు. పాట మొదలుకాగానే ఆ చప్పుడు ఆగిపోయేది. మగవాళ్ళు చరణం పాడతారు. ఇవతల ఆడవాళ్ళు ఎవరు అందుకోవాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే, గోడలోంచి ఆ జీర గొంతు అందుకునేది. ఒక్కతే, చివరిదాకా. మా వాళ్ళెవరూ తల తిప్పేవారు కాదు, ఏమీ విననట్టే ఉండేవారు. నాకు భయమేసేది. నా సంచి తగిలించిన కొక్కేనికి చెవి ఆనిస్తే ఆ గొంతు ఇనుములోంచి వచ్చేది. ఆ తర్వాత నా సంచి అక్కడ తగిలించడం మానేశాను.

బల్ల ఆదివారం వచ్చింది. నాయనమ్మ రొట్టె ఎప్పటంత పెద్దగానే చేసింది. పాస్టరయ్య తాతకు, బాలింతకు ముక్కలు పెట్టాక నాయనమ్మ మెల్లగా, "గోడ అవతలి బిడ్డకు?" అంది.

"ఆమెకు వద్దమ్మా."

అందరూ తిన్నాక పళ్ళెంలో ఒక ముక్క మిగిలింది. మిగిలింది పారేయకూడదు, పాస్టరయ్యే తినాలి, అదీ మా పద్ధతే. ఆయన దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. నీళ్ళు తాగి మింగాడు. తర్వాతి నెల బల్లకూ అలాగే ఒక ముక్క మిగిలింది. బయటికి వచ్చాక నాయనమ్మతో, "ఈసారి జాగ్రత్తగా, కాస్త చిన్నది చెయ్యమ్మా" అన్నాడు.

"నా చెయ్యికి గంతే వస్తది అయ్యా" అంది నాయనమ్మ.

వానలు ముదిరాయి. ఆ తర్వాతి బల్ల రోజు రేకుల మీద వాన మాట వినిపించనివ్వడం లేదు, నేలలోంచి గుర్రాల వాసన లేస్తోంది. వాక్యం చెబుతున్నంతసేపూ గోడ అవతల మిషను చప్పుడు లేదు. వానలో వినిపించడం లేదేమో అనుకున్నాం. పాట మొదలైంది. మగవాళ్ళు చరణం ముగించారు. మేమంతా ఆగాం. చిత్రమేమిటంటే, పెదనాయన కూడా తల కాస్త గోడ వైపు వంచాడు. గోడ పలకలేదు. మగవాళ్ళు ఇంకోసారి పాడారు. అప్పుడూ పలకలేదు. పాట సగంలో అలాగే ఆగిపోయింది.

పాస్టరయ్య రొట్టె విరిచి పంచాడు. నాయనమ్మ తన ముక్క తీసుకుంది గానీ తినలేదు. దోసిట్లో పెట్టుకుని లేచి నిలబడింది. జన్మలో ఆమె సంఘంలో లేచి మాట్లాడింది లేదు.

"అయ్యా, నువ్వే చెప్పినవ్. రొట్టె ఒకటే, మనం ఒకటే అని. తాళం ఏసి మరీ చెప్పినవ్. ఆ బిడ్డ ముక్క ఆ బిడ్డకు అందకుండ నేనిది తినలేను. తింటే అబద్ధమైతది."

ఆమె పక్కన కూర్చున్న మొన్నటి బాలింత కూడా తన ముక్క ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఇంకొకరు. ఎవరూ తినడం లేదు. పాస్టరయ్య పెదనాయన వైపు చూశాడు. పెదనాయన తన చేతిలో ముక్క వైపు చూసుకుంటున్నాడు. "తీస్కపోనీయండి అయ్యా" అన్నాడు.

పాస్టరయ్య ముక్క విరిచి డబ్బాలో పెట్టి నాయనమ్మకు ఇచ్చాడు. "నేనూ వెనకే వస్తాను. రమ్మని పిలిచానని చెప్పమ్మా." నాయనమ్మ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో డబ్బా. నేను సీసా పట్టుకుని పరుగు. సందు తిరిగితే అత్త గది. తలుపుకు తాళం.

మా అడుగుల చప్పుడుకు ఖాలా బయటికి వచ్చింది. మొదటిసారి ఆమె ఎవరినీ తిట్టలేదు.

"చలే గయీ అమ్మా. మొన్న పొద్దున మిషను రిక్షాల ఏస్కొని, పోరన్ని తీస్కొని టేషన్‌కు పోయింది. ఎక్కడికి అంటే చెప్పలే. ఉండవే, నేనున్న గద అన్న. నువ్వున్నవ్ ఖాలా, గని ఆదివారం ఆ పాటలింటే పానం ఆగుతలేదు, గోడకు పాడి పాడి యాష్టకొచ్చింది అన్నది." ఆమె డబ్బా వైపు చూసింది. "ఏముంది దాంట్ల?"

నాయనమ్మ డబ్బాను కొంగుతో కప్పుకుంది. వెనక పాస్టరయ్య తడిసిపోయి నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు.

తిరిగి షెడ్డుకు వచ్చాం. గుమ్మంలో నాయనమ్మ నిలబడింది. లోపల అందరూ మా వైపే చూస్తున్నారు. నాయనమ్మ చెప్పులు విప్పి, "అందింది" అనకుండానే లోపలికి నడిచింది. డబ్బా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి చాప మీద కూర్చుంది. పాస్టరయ్య ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఆశీర్వాదం కోసం చేయెత్తుతాడని చూశాం. ఆయన చేయి లేవలేదు.

"అందలేదు" అన్నాడు. తానూ కింద కూర్చున్నాడు.

అలాగే కూర్చున్నాం. వాన తగ్గింది, మళ్ళీ వచ్చింది. చంటిపిల్లలు ఏడ్చి ఏడ్చి పడుకున్నారు. షెడ్డులో చీకటి పడ్డాక ఒక్కొక్కరే లేచి, తమ ముక్క కొంగులోనో రుమాలులోనో మూటగట్టుకుని వెళ్ళిపోయారు. అందరికంటే చివర లేచింది పెదనాయన. మమ్మల్ని ఎవరూ పొమ్మని పంపలేదు.

పాస్టరయ్య ఆ తర్వాత ఎంత తిరిగాడో. స్టేషన్ కూలీలను అడిగాడు, వేరే ఊళ్ళ సంఘాలకు కబురు పెట్టాడు, కుట్టుమిషను చప్పుడు వినిపిస్తే సైకిలు దిగి లోపలికి తొంగి చూసేవాడట. దొరకలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ప్రతి బల్లకూ ఆమె ముక్క డబ్బాలో పెట్టాడు, నాయనమ్మ ఆ తాళం గుమ్మం దాకా పోయి డబ్బా తిరిగి తెచ్చింది, బల్ల ఆదివారం ఆశీర్వాదం చెప్పకుండానే ఆయన మమ్మల్ని పంపాడు. బాకా తాత పోయినప్పుడు ఆయన ముక్క పెట్టడం ఆపేశారు. "చచ్చిపోయినోళ్ళు ప్రభువు దగ్గరనే తింటరు, వాళ్ళకు మన డబ్బా అక్కర్లే. ఈమె ఉందో పోయిందో తెల్వది, పెట్టాల్సిందే" అనేది నాయనమ్మ. పాటల్లో ఆడవాళ్ళ వరుస వచ్చేసరికి అందరం ఒక్క క్షణం ఆగేవాళ్ళం. చూడ్డానికొచ్చినవాళ్ళకు పాట మర్చిపోయామనిపించేది.

ఆ పాస్టరయ్య పోయాడు, నాయనమ్మ పోయింది. కొత్తగా వచ్చినాయన మంచివాడే, మాకు ఆశీర్వాదం చెప్పాడు. పాతవాళ్ళు ఆమెన్ అనలేదు. కొన్నాళ్ళకు షెడ్డు పడగొట్టారు, ఇప్పుడక్కడ టైల్సు అమ్మే దుకాణం ఉంది. రేకులు లేచిపోయినా సంఘం లేచిపోదని పాత పాస్టరయ్య చెప్పింది నిజమే. మాది రేకులు లేవకముందే చెదిరిపోయింది. ఆమె అక్కడ పాడుతున్నంతకాలం గోడకు అటూ ఇటూ మేము సంఘమే. మాకు ఆ సంగతి పాట ఆగిపోయాకే తెలిసింది.

"అమ్మమ్మా, పాస్టర్ గారు తినమంటున్నరు, తిను" అంది మనవరాలు.

చపాతీ విరిచాను. దానికో ముక్క, నాకో ముక్క. ఇంకో ముక్క విరిచి పళ్ళెంలో పక్కన పెట్టాను. నా చేయి దానంతట అదే పెట్టింది.

"అది ఎవరికి?"

చెప్పాను. అంతా కాదు, ఉన్నంతలో చెప్పాను. పిల్ల విన్నంతసేపు విని, ఫోను చేతిలోకి తీసుకుంది. దానికి జాలి ఎక్కువ.

"పేరు చెప్పు, ఏరియా చెప్పు. నేను స్కూటీ మీద పోయి ఇచ్చొస్తా. లొకేషన్ తెల్వకపోతే కొడుకు పేరు చెప్పు, ఫేస్‌బుక్‌ల వెతుకుతా."

నేను ఆమెను అత్త అనే పిలిచాను. వాణ్ణి అందరూ చిన్నోడా అనేవాళ్ళు. ఆ రెండు మాటలతో ఈ దేశంలో ఎవరిని వెతుకుతుంది ఈ పిల్ల. "వద్దులే బిడ్డా" అన్నాను.

ఫోనులో పాట మొదలైంది. పెద్ద పెద్ద వాద్యాలు, రంగు లైట్లు. మగగొంతులు చరణం ముగించాయి. నేను ఆగాను. వాళ్ళు ఆగలేదు, పాడుకుంటూ వెళ్ళిపోయారు. చివర పాస్టర్ గారు తెర మీద చేయెత్తి ఆశీర్వాదం చెప్పారు. మనవరాలు "ఆమెన్" అని ఫోను తీసుకుపోయింది. నేను అనలేదు. చేతిలో ముక్క పట్టుకుని, కిటికీలో చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాను.